మలుపు తిరిగేదాకా

పెట్టె సర్దడంలో వెర్డాను మించినవాళ్ళు కెనాబ్ ఊళ్ళో లేరు. అడుగున బూట్లు, బూట్ల లోపల చుట్టచుట్టిన మేజోళ్ళు, వాటిమీద బరువు బట్టలు, ఆ పైన నలగకూడనివి, అన్నిటికన్నా పైన మూత తీయగానే చేతికందేటట్టు మందులు. రెండేళ్ళపాటు మతబోధకు దూరదేశాలు వెళ్ళే కుర్రాళ్ళ తల్లులు ఆమెను పిలిపించుకుని మరీ సర్దించుకునేవారు. ఆమె వచ్చి, చకచకా సర్ది, బెల్టులు బిగించి ఇంటికి వెళ్ళిపోయేది. ఆ పెట్టె గడప దాటే వేళకు మాత్రం ఎవరెంత పిలిచినా వచ్చేది కాదు. “పొయ్యిమీద ఏదో ఉంది” అనేది. అలాంటప్పుడల్లా ఆమె పొయ్యిమీద ఏదో ఒకటి ఉండేది.

ఆ సెప్టెంబరు ఉదయం ఆమె సర్దుతున్నది అయోన్ పెట్టె. అయోన్ మంచంమీద దిండ్లకు ఆనుకుని, పైన్ గింజలు పళ్ళతో చిట్లించి తింటూ పెత్తనం చేస్తోంది. ఇద్దరికీ డెబ్బై ఏడేళ్ళు. పుట్టినప్పటి నుంచి రెండు వీధుల ఎడంలో బతికారు. ఇప్పుడు అయోన్ గుండె నీరసించింది. ఇంకో చలికాలం ఇక్కడ గడపడానికి వీల్లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. అరిజోనా ఎండల్లో, టూసాన్‌లో ఉన్న కూతురు షెరిల్ వచ్చి తీసుకుపోతానంది.

“ఆ నీలం స్వెటర్ పైన పెట్టవే. దారిలో కావాలి,” అంది అయోన్.

“టూసాన్‌లో స్వెటరేమిటే? అక్కడ గుడ్డు కొట్టి నేలమీద పోస్తే అట్టు అవుతుందంటారు.”

“టూసాన్‌కు కాదు. కాన్యన్ దగ్గరికి.”

వెర్డా చేతులు స్వెటర్ మడతలోనే ఆగిపోయాయి. “కాన్యన్ దగ్గర నీకేం పని?”

“షెరిల్‌ను ఇక్కడికి రావద్దన్నాను. అది కింది నుంచి వచ్చే దారిలోనే కదా కాన్యన్ లోయ ఉత్తరపు అంచుకు మలుపు. అక్కడికే రమ్మన్నాను. మీరంతా నన్ను అక్కడిదాకా తీసుకొచ్చి, లాడ్జి మెట్ల ముందు నుంచి పంపండి.” అయోన్ పైన్ గింజ తొక్క అరచేతిలోకి ఊసింది. “ఈ గుమ్మంలోంచి కారెక్కితే నన్ను సాగనంపడానికి ఎదురింటివాళ్ళ కుక్క తప్ప ఎవరున్నారే? నన్ను పాడి పంపండి.”

వెర్డా స్వెటర్ పైన పెట్టింది. మళ్ళీ తీసి అడుగున పెట్టింది.

“నీకు ఆ ఎత్తు పడదు. డాక్టరు చెప్పాడుగా.”

“ఎత్తులో కాపురం పెట్టొద్దన్నాడు. ఒక పూట చూసి రావద్దనలేదు. ఆ స్వెటర్‌ను ఎన్నిసార్లు చంపుతావే, పైన పెట్టు.”

“నాకు ఇంటిదగ్గర పొయ్యిమీద…”

“ఏముంది పొయ్యిమీద? చెప్పు, ఏముంది?”

ఆ ఉదయం ఏమీ లేదు. వెర్డాకు అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

పద్దెనిమిదేళ్ళ వయసులో వాళ్ళిద్దరూ ఆ లాడ్జిలో వడ్డన పనికి చేరారు. ప్రతి ఉదయం ఫలహారాలయ్యాక అతిథుల బస్సు మెట్ల ముందుకు వచ్చి నిలబడేది. అప్పుడు వడ్డించేవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, సామాను మోసేవాళ్ళు, అందరూ చేతిలో పని వదిలేసి వచ్చి వరుసలో నిలబడి వీడ్కోలు పాట పాడేవారు. ఎవరికి? నిన్న సాయంత్రం మొదటిసారి మొహం చూసినవాళ్ళకు, పేరు కూడా తెలియనివాళ్ళకు. బస్సు మూలుగుతూ కదిలి, పైన్ చెట్ల మధ్య ఎత్తు ఎక్కి, మలుపు తిరిగేదాకా పాట ఆగకూడదు. పాట ఆఖరి మాట ‘మళ్ళీ రండి’. ఆ మాట సరిగ్గా బస్సు వెనక భాగం చెట్ల చాటుకు పోయేటప్పుడు పడాలి. వడ్డన పిల్లలమీద థోరా అని ఒక పెద్దావిడ ఉండేది. “చెయ్యి దించొద్దు. ఏడవొద్దు. ఏడవడం బస్సులోవాళ్ళ పని, మన పని కాదు,” అని వరుస వెనక నడుస్తూ చెప్పేది. ఆవిడ చెప్పినట్టే బస్సులోవాళ్ళు ఏడ్చేవారు. షికాగో నుంచి వచ్చిన బ్యాంకు దొరలు కూడా జేబురుమాళ్ళు తీసేవారు. సాయంత్రం కొత్త బస్సు వచ్చేది. మర్నాడు వాళ్ళూ ఏడ్చేవారు.

పాడేవాళ్ళకు పాడేవాళ్ళు మాత్రం ఉండరు. వేసవి చివర పనివాళ్ళంతా వెళ్ళేనాటికి పాడటానికి ఎవరూ మిగలరు కదా. ఆ వైభోగం ఒక్కడికే దక్కింది. లైల్‌కు.

లైల్ వెర్డా అన్న. అక్కడే పెట్టెలు మోసేవాడు. 1951 ఆగస్టులో సైన్యం నుంచి పిలుపు వస్తే, రైలు అందుకోవడానికి అతిథుల బస్సే ఎక్కాల్సి వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని, వరుసలో ఉన్నవాళ్ళను చూసి నవ్వుతూ, తనూ పాట మాటలు పెదవులతో పలికాడు. వెర్డా చెయ్యి దించలేదు. ఏడవలేదు. ఆమె పక్కనే నిలబడిన అయోన్ కూడా ఏడవలేదు. లైల్ తిరిగి రాగానే అతనికీ అయోన్‌కూ పెళ్ళి అని అప్పటికే అనుకున్నారు.

మరుసటి ఏడాది అక్టోబరులో, కొరియాలో ఏదో కొండమీద అతను కనిపించకుండా పోయాడని కబురొచ్చింది. వాళ్ళ అమ్మ ఆ కబురు నమ్మలేదు. ఎవరడిగినా “మావాడు ఇంకా రాలేదు” అనేది. ఆ తల్లి పోయాక ఆ మాట వెర్డాకు వచ్చింది. మీకు తోడబుట్టినవాళ్ళున్నారా అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, ఈ వయసులోనూ, “ఒక అన్న. ఇంకా రాలేదు” అంటుంది. అడిగినవాళ్ళు బజారుకు వెళ్ళాడేమో అనుకుని ఊరుకుంటారు.

ఆ పాట ఆమె మళ్ళీ పాడలేదు. పాటే కాదు, మళ్ళీ రమ్మన్న మాటే మానేసింది. చర్చి బృందంలో వీడ్కోలు కీర్తన వస్తే పుస్తకం పట్టుకుని పెదవులు బిగించేది. భర్త ఓరిన్ పశువుల దగ్గరికి వెళ్ళేటప్పుడు “వెళ్ళిరా” అని ఏనాడూ అనలేదు. “వచ్చేటప్పుడు పాలు పట్టుకురా” అనేది. తెమ్మన్నది తేవాలంటే మనిషి రావాలి గదా. ఓరిన్ నలభై ఏళ్ళూ పాలు తెచ్చాడు. ఆఖరిసారి ఆసుపత్రి బండి ఎక్కించినప్పుడు కూడా అలాగే చెప్పింది. ఆ పాలు రాలేదు.

ఇదంతా అయోన్‌కు తెలుసు. తెలిసే అడిగింది.

అయోన్ ఆ ముక్క నొరీన్ చెవిన కూడా వేసింది. నొరీన్ అప్పట్లో లాడ్జిలో పక్కలు సర్దేది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రానికల్లా ఊళ్ళో సగంమందికి తెలిసిపోయింది. రెండో రోజు నొరీన్, డెమార్ కలిసి వెర్డా వంటింట్లోకి దిగబడ్డారు. డెమార్ ఒకప్పుడు అక్కడ గిన్నెలు తోమేవాడు, మంద్రస్థాయిలో గొంతు గంటలా మోగేది. ఇప్పుడు తుంటి మార్పించుకుని చేతికర్రతో నడుస్తున్నాడు. వెర్డా మనవరాలు షాంటెల్ కూడా ఉంది, కారు నడపాల్సింది ఆమే కాబట్టి. అయోన్ తలుపుకెదురుగా మెత్తటి కుర్చీలో రాణిలా కూర్చుంది.

వెర్డా ఆ వేసవిలో సీసాలకు పట్టిన పీచ్ పళ్ళు గిన్నెల్లో పెట్టి ఇచ్చింది. మాట మాత్రం కలపలేదు.

“శనివారం పెట్టుకుందాం,” అన్నాడు డెమార్.

“శనివారం జనం తేనెతుట్టెలా ఉంటారయ్యా. కారు పెట్టుకోను చోటుండదు,” అంది నొరీన్. “మంగళవారం.”

“మంగళవారం నాకు తుంటి డాక్టరు.”

“నీ తుంటి ఎక్కడికీ పారిపోదులే. నిన్ను మోసుకెళ్ళాల్సింది అదే కదా.”

“తాతగారూ, బుధవారం అయితే నాకూ సెలవు,” అంది షాంటెల్. “రాత్రికి గదులేమైనా దొరుకుతాయా?”

ముసలివాళ్ళు నలుగురూ పెద్దగా నవ్వారు. ఆ గదులు కిందటేడే నిండిపోయి ఉంటాయి. “అరవై ఏళ్ళ కిందట ఆ గదులన్నీ నేనే ఊడ్చాను. ఒక్క రాత్రి పడుకోనివ్వరు,” అంది నొరీన్. బుధవారం పొద్దున వెళ్ళి, చీకటి పడకముందే తిరిగి రావడమని తేల్చారు. దారిలో లేళ్ళు అడ్డం పడతాయి, చీకట్లో నడపొద్దని డెమార్ ముమ్మారు చెప్పాడు. తినడానికి బంగాళాదుంపల పులుసుకూర కాదు, జున్ను వేసి కాల్చినదే కావాలన్నాడు. జేకబ్ లేక్ కూడలి కొట్టు దగ్గర ఆగి బిస్కెట్లు కొనాలని నొరీన్, అక్కడ కాళ్ళు మడుచుకోకుండా దిగడానికి వీలైన బండి కావాలని డెమార్, అయోన్ ఆక్సిజన్ సీసా ఎవరు ఒళ్ళో పెట్టుకోవాలని షాంటెల్, తలో మాటా వేశారు. ఆస్పెన్ చెట్ల ఆకులు ఆ వారానికి పసుపు తిరిగి ఉంటాయని అయోన్ అంది.

“సరే, పాట చూద్దాం,” అన్నాడు డెమార్, గొంతు సవరించుకుని. “ఎవరికైనా గుర్తుందా?”

గుర్తులేకపోవడమా. డెమార్ మొదటి అక్షరం అందుకోగానే నొరీన్ దూకింది. ఎడమ చెవి వినపడదు గనక ఆమె అందరికన్నా సగం పాదం వెనకబడింది. వెర్డా పళ్ళ గిన్నెలు కడుగుతూ వీపు తిప్పి నిలబడింది. రెండో చరణానికి ఆమెకు తెలియకుండానే గొంతు కలిసింది. సన్నగా, కానీ స్వరం తప్పకుండా. షాంటెల్ ఆశ్చర్యంగా చూసింది. అమ్మమ్మ గొంతు విప్పి పాడటం ఆమె ఎన్నడూ విని ఎరగదు.

చివరి పాదం వచ్చింది. డెమార్ ‘మళ్ళీ రండి’ అని సాగదీశాడు. సగం పాదం తరవాత నొరీన్ కూడా అంది. వెర్డా దగ్గర కుళాయి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“ఆఖరి ముక్క మింగేశావేమే?” అంది నొరీన్, వినపడని చెవితోనే కనిపెట్టినట్టు.

“నేను భోజనం సంగతి చూస్తాను. పాట మీరు పాడండి,” అంది వెర్డా.

“అయితే నేను టూసాన్ వెళ్ళను,” అంది అయోన్ తాపీగా. “నీ వెనక గదిలో మకాం పెడతాను. మంచం ఆ కిటికీ వైపు జరిపించు. పొద్దున్నే నాకు గంజి పల్చగా ఉండాలి. తెలుసుగా.”

అందరూ నవ్వారు. వెర్డా నవ్వలేదు. ఒక్క క్షణం నిజంగానే మంచం ఆ కిటికీ వైపు పడుతుందో లేదో మనసులో కొలుచుకుంది. పడుతుంది. అయినా ఈ ఊరి చలి ఆ గుండెను జనవరి దాటనివ్వదు. అదీ తెలుసు.

బుధవారం పొద్దున వెర్డా అందరికంటే ముందు తయారైంది. షెరిల్‌కు ఆమే ఫోన్ చేసి పన్నెండింటికల్లా మెట్ల దగ్గర ఉండమని చెప్పింది. ఆలస్యం కాకూడదని షాంటెల్‌ను దారి పొడుగునా తరుముతూనే ఉంది. ఆక్సిజన్ సీసా తన ఒళ్ళోనే పెట్టుకుంది. జేకబ్ లేక్ దగ్గర బిస్కెట్లు కొనుక్కోవడానికి దిగిన నొరీన్‌ను చెయ్యి పట్టి లాక్కొచ్చినంత పని చేసింది. కైబాబ్ అడవిలో ఆస్పెన్‌లు అయోన్ చెప్పినట్టే పసుపు తిరిగి ఉన్నాయి. తెల్ల తోక ఉడుత ఒకటి రోడ్డుకు అడ్డం పరుగెత్తితే డెమార్ టోపీ తీశాడు. అప్పట్లో కూడా తీసేవాడు.

లాడ్జి మెట్ల ముందు షెరిల్ కారు లేదు.

“చెప్పానా! దారిలో ఏదో అయింది,” అంది వెర్డా. “టైరు పేలిందో. ఆ లోయ రోడ్డు మంచిది కాదు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ దుడుకే.”

“ఆ పిల్లకు యాభై దాటాయి,” అంది అయోన్.

షాంటెల్ లోపలికి వెళ్ళి ఫోన్ చేసి, నవ్వు ఆపుకుంటూ బయటికొచ్చింది. “అమ్మమ్మా, షెరిల్ పిన్ని హాయిగా వస్తోంది. నువ్వు చెప్పింది మన గడియారం లెక్క. ఆవిడ విన్నది వాళ్ళ లెక్క.”

నొరీన్ చప్పట్లు కొట్టింది. “వెర్డా హీటన్! సరిహద్దు మీది ఫ్రెడోనియా బడి పిల్లనడిగినా చెబుతుందే!”

కెనాబ్‌లో పుట్టినవాళ్ళు చెయ్యకూడని పొరపాటది. చేసేది కూడా వాళ్ళే. వేసవిలో రాష్ట్ర సరిహద్దు దాటి అరిజోనాలో అడుగుపెడితే గడియారం గంట వెనక్కి పోతుంది. పెళ్ళిళ్ళకు ముందే వెళ్ళి కూర్చున్నవాళ్ళు, అంత్యక్రియలు అయిపోయాక పూలతో చేరినవాళ్ళు ఆ ఊళ్ళో ప్రతి ఇంటా ఉన్నారు. వెర్డాకు మాత్రం ఎప్పుడూ జరగలేదు. కంగారు మనిషి గనక ప్రతిసారీ రెండుసార్లు చూసుకునేది. ఈసారి ఒక్కసారి కూడా చూసుకోలేదు.

“అంటే మనకు ఒక గంట ఊరికే వచ్చింది,” అంది అయోన్. “నన్ను ఆ వరండాలోకి తీసుకుపోవే.”

రాతి వరండాలో కుర్చీలు అప్పటిలాగే అంచుకు మొహం పెట్టి ఉన్నాయి. ఇద్దరూ కూర్చున్నారు. డెమార్, నొరీన్ బిస్కెట్ల పొట్లంతో దూరంగా ఎండలో కూర్చుని ఏదో వాదించుకుంటున్నారు. ఎదురుగా మబ్బుల నీడలు ఎర్రటి రాళ్ళమీద నడుస్తున్నాయి. ఆ వేసవుల్లో వాళ్ళిద్దరూ పనుల మధ్య ఇక్కడికి పారిపోయి వచ్చి బూట్లు విప్పుకునేవాళ్ళు. అయోన్ ఇప్పుడు కూడా విప్పేసింది. మేజోళ్ళతో కాళ్ళు రాతిమీద చాపింది. ఆమె ఊపిరి గరగరలాడుతోంది. వెర్డా సీసా గొట్టం ముక్కు దగ్గర పెడితే చేత్తో తోసేసింది.

“ఎందుకే నీకింత పట్టుదల?” అంది వెర్డా. “పాటేమిటి, ఈ వయసులో. చూసినవాళ్ళు నవ్వుతారు.”

అయోన్ చాపిన కాళ్ళు దగ్గరికి లాక్కుంది.

“ఆ రోజు నేను నీ పక్కనే నిలబడ్డాను గదా. నాకు బస్సు కనిపించింది. కిటికీలో వాడి మొహం కనిపించింది. మరి వాడికేం కనిపించిందే? ఇన్నేళ్ళ నుంచీ అదే ఆలోచన నాకు. మనం నవ్వుతూ కనిపించామా, మొహాలు వేలాడేసుకుని కనిపించామా. చెట్లు అడ్డం వచ్చేదాకా కనిపించామా, అంతకుముందే దుమ్ము కమ్మేసిందా. తరవాత ఫారెల్‌ను చేసుకుని యాభై ఏళ్ళు కాపురం చేశాను. బంగారంలాంటి మనిషి, ఒక్క మాట అనడానికి లేదు. కానీ ఇది ఆయన్ను అడిగేది కాదుగా. వాడు కూర్చున్నచోట ఒక్కసారి కూర్చుని చూస్తే చాలు.”

వెర్డా ఒళ్ళో సీసాను గట్టిగా పట్టుకుంది. లైల్ కిటికీలోంచి ఏం చూశాడన్నది ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఆమెకు తోచిందల్లా తను అన్న మాటే.

“నేను ‘మళ్ళీ రండి’ అంటే…”

“రారని నీ భయం. తెలుసులేవే. ఆ వేసవిలో నువ్వు షికాగో ఊరు సగానికి పాడావు. వాళ్ళంతా చచ్చారా?”

“చచ్చారో బతికారో నాకేం తెలుసు? ఒక్కరూ మళ్ళీ రాలేదు.”

అయోన్ మొదట అలాగే చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు మళ్ళీ నవ్వులోకి. వెర్డాకు కూడా నవ్వొచ్చింది. నవ్వకూడదనుకున్నకొద్దీ వచ్చింది.

“నా మాట విను,” అంది అయోన్, కళ్ళు తుడుచుకుని. “నేను ఎలాగూ రాను, వెర్డా.”

“నీ నోరు కడుక్కో.”

“నువ్వు రమ్మన్నా రాను, రమ్మనకపోయినా రాను. ఆ సంగతి నీ పాట చేతుల్లో లేదు. కానీ రమ్మనకుండా పంపావనుకో, ఆ కిటికీలోంచి నాకు నోరు బిగించుకుని నిలబడిన ముసలిదొకతె కనిపిస్తుంది. అది పట్టుకుని టూసాన్‌దాకా పోవాలా నేను?”

వెర్డా వంగి, అయోన్ బూట్లు అందుకుని, ఒక్కొక్కటే తొడిగి, తాళ్ళు కట్టింది. రెండు ముళ్ళు వేసింది.

షెరిల్ వచ్చింది. నిద్ర చాలని మొహం, మంచి పిల్ల. పెట్టె వెనక పెట్టి, తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టింది. వెర్డా కారు తలుపు పట్టుకుని నిలబడింది. ఏదో చెప్పబోయింది.

“పాలు తెమ్మనకు,” అంది అయోన్. “టూసాన్ నుంచి తెచ్చేసరికి విరిగిపోతాయి.”

తలుపు పడింది. మెట్ల ముందు ముగ్గురే ముగ్గురు నిలబడ్డారు. డెమార్ చేతికర్ర షాంటెల్‌కిచ్చి నిటారుగా నిలబడ్డాడు. పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఆగి చూశారు. లోపలి నుంచి వడ్డన పిల్లలిద్దరు పళ్ళాలతోనే గుమ్మంలోకి వచ్చారు. డెమార్ గొంతు ఎత్తాడు. వెర్డా చెయ్యి పైకి లేచింది. పాట మొదలైంది. కారు కదిలింది.

షెరిల్‌కు చాలా దూరం పోవాల్సి ఉంది. ఆ కారు కొత్తది. బస్సు ఎక్కడానికి ఒక పాట పట్టే ఎత్తును అది గుక్క తిప్పుకునేలోగా ఎక్కేసి, రెండో చరణం కూడా కాకముందే మలుపు తిరిగి చెట్ల వెనక మాయమైపోయింది. డెమార్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. నొరీన్ ఒక్కతే ఇంకో పాదం పాడి, చుట్టూ చూసి ఆపింది.

వెర్డా చెయ్యి దించింది. గండం గడిచింది. ఆ మాట అనే అవసరమే రాలేదు. అననన్నదీ లేదు, అన్నదీ లేదు. ఆమె ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ మలుపు వైపు చూసింది. ఇంతేనా? ఇలాగేనా పోయింది?

అప్పుడు చెట్ల వెనక నుంచి ఎర్ర దీపాలు కనిపించాయి. కారు వెనక్కి వస్తోంది. మలుపులో అడ్డదిడ్డంగా వంకరపోతూ, మెట్లదాకా వెనక్కే వచ్చి ఆగింది. కిటికీ దిగింది. అయోన్ తల, ఒక చెయ్యి బయటికి వచ్చాయి. అయోన్ తిడుతోంది. కూతుర్ని.

“తోకకు నిప్పంటుకున్న గుర్రంలాగా ఆ పరుగేమిటే! ఇది బస్సు! బస్సులాగా నడుపు!”

“అమ్మా, మనకు ఆలస్యం…”

“చచ్చేదాన్ని నేను, నీకేం ఆలస్యం? మూలుగుతూ ఎక్కాలి. నడక నడిచినట్టు.” ఆమె వెర్డా వైపు తిరిగింది. నవ్వలేదు. “మొదటి నుంచి.”

వడ్డన పిల్లలు కిసుక్కున నవ్వారు. షెరిల్ స్టీరింగు మీద నుదురు ఆనించి, తల ఎత్తి, సరేనంది. డెమార్ మళ్ళీ గొంతు ఎత్తాడు.

ఈసారి కారు చీమ నడకన కదిలింది. వెర్డాకు కిటికీలో అయోన్ మొహం కనిపిస్తోంది. పూర్తిగా వెనక్కి తిరిగి, బెల్టు మెడకు కోసుకుపోతున్నా కూర్చుని, కళ్ళార్పకుండా చూస్తోంది. చూడటానికే వచ్చిన మనిషిలా చూస్తోంది. వెర్డా తన మొహం ఎలా ఉందో అనుకుంది. వెంటనే నవ్వింది. థోరా వీపు వెనక నడుస్తున్నట్టే అనిపించింది. ఏడవడం బస్సులోవాళ్ళ పని. మొదటి చరణం అయింది. రెండోది అయింది. కారు సగం ఎత్తులో ఉంది. ఎండ ఆ అద్దంమీద పడి మొహం మాయమైంది, మళ్ళీ కనిపించింది. అయోన్ పెదవులు కదులుతున్నాయి. ఆమె కూడా పాడుతోంది.

ముందు చక్రాలు మలుపు తిరిగాయి. డెమార్ ఆఖరి పాదం దగ్గర గుక్క అందక దగ్గాడు. నొరీన్ ఎప్పటిలా వెనకబడి ఉంది. ఆ ఒక్క జానెడు ఖాళీలో వెర్డా గొంతు ఒంటరిగా మిగిలింది. ఆపినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కారు.

“మళ్ళీ రండి,” అని పాడింది వెర్డా. పద్దెనిమిదేళ్ళ పిల్ల పాడినంత గట్టిగా పాడింది. కారు వెనక భాగం సరిగ్గా ఆ మాటమీద చెట్ల చాటుకు పోయింది. ఆ వెనకే, ఆలస్యంగా, నొరీన్ కూడా రమ్మంది. వెర్డా చెయ్యి దించలేదు. ఇంజను చప్పుడు వినబడినంతసేపు దించలేదు.

“అమ్మమ్మా, ఇంక చాలు,” అంది షాంటెల్ మెల్లగా. “వెళ్ళిపోయింది.”

“తెలుసు,” అంది వెర్డా.

ఇంటికి వచ్చే దారిలో డెమార్ మిగిలిన బంగాళాదుంపలన్నీ తిన్నాడు. ఫ్రెడోనియా దాటాక షాంటెల్ కారులోని గడియారం ముళ్ళు తిరిగి ముందుకు జరిపింది. ఊరికే వచ్చిన గంట ఊరికే పోయింది. వెర్డా ఇంట్లోకి వెళ్ళి, పొయ్యి ముట్టించకుండా, కుర్చీలో కూర్చుంది.

మే నెలలో మంచు తీసి కాన్యన్ దారి తెరిచారు. మొదటి వారంలోనే వెర్డా తనను తీసుకెళ్ళమని షాంటెల్‌ను అడిగింది. ఆమె నోరు తెరిచి ఎక్కడికైనా తీసుకెళ్ళమనడం అదే మొదలు. మెట్ల దగ్గర వడ్డన పిల్ల ఒకతె గుర్తుపట్టి పలకరించింది. కిందటేడు పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చిన పిల్లే.

“కారును వెనక్కి తెప్పించినావిడ రాలేదా అండీ? అక్కాచెల్లెళ్ళా మీరు?”

“కాదమ్మా. మా అన్నను చేసుకోవాల్సిన మనిషి.”

“మీ అన్నగారు వచ్చారా మరి?”

వెర్డా మలుపు వైపు చూసింది. ఆ పిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ‘ఇంకా’ అనలేదు.

లైల్ హీటన్ కొరియా నుంచి తిరిగి రాలేదు. 1952 అక్టోబరులో పోయాడు. అయోన్ జడ్ టూసాన్ నుంచి తిరిగి రాలేదు. 2010 ఫిబ్రవరిలో పోయింది, ఈ దారి మంచు కింద ఉండగా.